ఊరివెలుపలి కవులు, ఆంధ్రజాతీయత

ఒక జాతి తన్ను తాను జాతిగా గుర్తెరుగు కాలమున ఆ గుర్తింపునకు రూపమిచ్చు కవులు ఎట్లుందురో, ఆ రూపమున తమకు చోటు చిక్కలేదని పలుకు కవులును అట్లే యుందురు. వారిలో కొందరు కులముచేతను, కొందరు మతముచేతను, కొందరు స్త్రీలగుటచేతను, మరికొందరు పుట్టిన ప్రాంతముచేతను వెలుపలివారైరి. బుద్ధిపూర్వకముగా తామే బయటికి పోయి నిలిచినవారును లేకపోలేదు. ఇరువదవ శతాబ్ది తొలి పాదమున ఆంధ్రజాతీయత అను భావము రూపు దాల్చినది మొదలు ఈ రెండు తెగల కవుల నడుమ సాగిన సంవాదము ఆధునికాంధ్ర కవిత్వచరిత్రలో ముఖ్యభాగమని చెప్పదగును. భావకవిత్వము, అభ్యుదయ కవిత్వము అని ఉద్యమముల పేరిట విభజింపబడిన వాఙ్మయచరిత్రలలో ఈ సంవాదము అక్కడక్కడ చెదరి కనబడునే గాని ఒక్కచో కూర్చి చూపబడుట అరుదు.

ఏలూరు పొలిమేరను రైలుదారిపై నున్న వట్లూరు ఈ సంవాదమునకు చక్కని చూపుస్థానము. అచ్చటినుండి ఉత్తరముగా పోయినచో పెదవేగి. శాలంకాయనులకును, తరువాత తూర్పు చాళుక్యులకును రాజధానియైన వేంగీపురము అదియే యని చరిత్రకారులు నిర్ణయించిన చోటు, ఇప్పుడు దిబ్బలును పొగాకు చేలును కలిసియున్న పల్లె. దక్షిణముగా పోయినచో కొల్లేరు. బుడమేరును తమ్మిలేరును తెచ్చి పోసిన నీరు ఉప్పుటేరుగుండా కడలి చేరువరకు నిలుచు సరస్సు, దాని లంకలలో వల పన్ని చేపలు పట్టి బ్రతుకు వడ్డివారు. ఆంధ్రోద్యమ కాలపు కవి పెదవేగి దిబ్బలయెదుట నిలిచి కన్నీరు కార్చెను. విశ్వనాథ సత్యనారాయణ ‘ఆంధ్రప్రశస్తి’లోని ‘వేంగీక్షేత్రము’ అను ఖండిక ఆ తరహా కవిత్వమునకు మేలుబంతి. కొల్లేటి వలకాని కొరకు గాని, ఆ ప్రక్క చేలలో ఊడ్చిన కూలివాని కొరకు గాని ఆనాటి ప్రశస్తికవు లెవ్వరును ఆగినట్లు కానరాదు. ప్రశస్తి యను ప్రక్రియయొక్క స్వభావమే యట్టిది: రాజు, కవి, వీరుడు, శిల్పి అను నలుగురు కనబడిన పిమ్మట మరి యెవ్వరి యవసరమును దానికి తోచదు.

ఆ జాతీయతను కట్టినవారి కృషిని మాత్రము తక్కువ చేయరాదు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. 1910లో ఆ మండలి పక్షముననే, తణుకు ప్రాంతమువాడైన చిలుకూరి వీరభద్రరావు రచించిన ‘ఆంధ్రుల చరిత్రము’ ప్రథమభాగము వెలువడినది. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్రమహాసభ కూడినది. చెన్నపట్టణమున అరవవారి చాటున మరుగుపడియున్నామని బాధపడుచున్న తెలుగువారికి రాయప్రోలు సుబ్బారావు పద్యములు వెన్ను నిమిరి నిలువబెట్టినవి. ఇంతవరకు చిక్కు లేదు. అరవవారికి ఎదురుగా నిలుచునప్పుడు ‘మనము’ అను మాటలో ఎవరెవరున్నారని ప్రశ్నించు తీరిక ఉండదు. ఆ ప్రశ్న తరువాత వచ్చి తీరును.

నిజమునకు ఆ ప్రశ్న అప్పటికే గడపలో నిలిచియున్నది. వేమనను పండితులు చిరకాలము కవిగా గణింపలేదు; ఊరూర జనుల నోళ్లలో నున్న ఆ పద్యములను కూర్చి 1829లో అచ్చువేయించినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను అను ఆంగ్లేయోద్యోగి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ఉపన్యాసములతో ఆయనకు పండిత సభలో పీఠము దొరకుటకు మరియొక నూరేండ్లు పట్టినది. ముద్దుపళని కథ ఇంకను విచిత్రమైనది. పదునెనిమిదవ శతాబ్దిలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానమున వెలసిన ఈ గణిక ‘రాధికాసాంత్వనము’ రచించినది. వీరేశలింగము పంతులు దానిని అశ్లీలమని నిందించెను. బెంగుళూరు నాగరత్నమ్మ తాళపత్రప్రతిని సంపాదించి, పూర్వముద్రణమున లోపించిన భాగములను చేర్చి, 1910లో వావిళ్లవారిచేత అచ్చొత్తించెను. మరుసటి యేటనే ప్రభుత్వము ఆ గ్రంథమును నిషేధించినది. చిలుకూరివారి చరిత్రము వెలువడిన యేడే నాగరత్నమ్మ పీఠికయు వెలువడినదన్న సంగతి గమనింపదగినది: ఒక చేత పూర్వవైభవమును వెలికి తీయుచు, వేరొక చేత ఆ వైభవములోని యొక కవయిత్రిని మరల పాతిపెట్టుట ఒక్క కాలముననే జరిగెను. టంగుటూరి ప్రకాశము పంతులు మద్రాసు ప్రభుత్వమునకు పెద్దగా నున్న కాలమునగాని ఆ నిషేధము తొలగలేదు.

ఇట్టి స్థితి తెలుగునాటికే ప్రత్యేకము కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో జాతీయకవిత్వమునకు మూలపురుషుడుగా వాల్ట్ విట్మను పేర్కొనబడును. ఆయన ‘లీవ్స్ ఆఫ్ గ్రాస్’ 1855లో వెలువడినది. అంతకు ఎనుబది యేండ్లకు పూర్వమే, ఆఫ్రికానుండి బానిసగా బోస్టనుకు కొనిపోబడిన ఫిలిస్ వీట్లీ అను పిన్నవయసు స్త్రీ ఆంగ్లమున కావ్యము వ్రాసినది. 1773లో లండనునందు అచ్చయిన ఆ గ్రంథమునకు ముందుగా, ఈ పద్యములు నిజముగా ఈమె వ్రాసినవే యని బోస్టను ప్రముఖులు పదునెనిమిదిమంది సంతకములు చేసి సాక్ష్యము చెప్పవలసివచ్చినది. విట్మను పాడిన అమెరికాకు ప్రత్యుత్తరముగా, నేనును అమెరికావాడనేయని 1926లో లాంగ్‌స్టన్ హ్యూస్ పలికెను. ఈ సవాలు-జవాబుల పద్ధతి హ్యూస్ కవితకంటె నాలుగైదేండ్లు ముందే గోదావరి గట్టున జరిగియుండుట మనవారు అంతగా గుర్తింపని విశేషము. ఆ సంగతి కొంత విస్తరించి చెప్పవలెను.

1917లో బెజవాడలో కూడిన పంచమ మహాసభకు హైదరాబాదునుండి భాగ్యరెడ్డివర్మ అధ్యక్షుడుగా వచ్చెను. సభ ముగియునప్పటికి దాని పేరే మారిపోయినది. అది ఆది ఆంధ్ర మహాజనసభ యైనది. ‘పంచములు’ అన్నచో నాలుగు వర్ణములకు ఆవలివారు. ‘ఆది ఆంధ్రులు’ అన్నచో అందరికంటె ముందువారు. బాపట్ల మహాసభ జరిగిన నాలుగేండ్లకే, ఆంధ్రులెవ్వరన్న ప్రశ్నకు ఊరివెలుపలినుండి వచ్చిన ప్రత్యుత్తరమిది. తమకు లోపల చోటీయుడని వేడుట కాదు, ఈ నేల మొదటినుండి మాదేయను ప్రకటన. 1922లో మద్రాసు ప్రభుత్వము ఆ పేరును అంగీకరించినది.

సరిగా ఈ నడుమకాలముననే సహాయనిరాకరణోద్యమము వచ్చినది. శ్రీకాకుళ ప్రాంతమువాడైన గరిమెళ్ల సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్లదొరతనము’ అను పాట కట్టెను. ఆ కాలమున తెలుగునాట ఇంతగా ప్రాకిన పాట మరియొకటి లేదు. రాజమహేంద్రవరమునుండి పల్లెపల్లెకు భజనగోష్ఠులలో, సంతలలో, ఊరేగింపులలో పాడబడి, కర్తను చెరసాలకు పంపినది. అదే రాజమహేంద్రవరమున ఆయుర్వేద వైద్యము చేయుచుండిన ఆది ఆంధ్రకవి కుసుమ ధర్మన్న. 1921 ప్రాంతమున ఆయన గరిమెళ్ల పాటకు బదులుగా ‘మాకొద్దీ నల్లదొరతనము’ రచించెను. పల్లవి మలుపు అదే, వరుస అదే. తెల్లదొర యున్న తావున నల్లదొర వచ్చి కూర్చుండెను. పాట విన్నవానికి మొదటి క్షణమున తాను ఎరిగిన పాటయే వినుచున్నాననిపించును. రెండవ క్షణమున దొర యెవ్వరో తెలియును. తెలుగువాడే తెలుగువానికి దొరయై, చెరువునీరు ముట్టనీయక, కూలి సరిగా కొలువక నడుపు పెత్తనము తొలగనిది పరదొర పోయినను తమకు ఒరుగునదేమియని ఆ పాటయొక్క తాత్పర్యము.

ధర్మన్న స్వరాజ్యమునకు విరోధియని తలచుట పొరపాటు. స్వరాజ్యమన్న పదములో ‘స్వ’ యెవ్వరని ఆయన అడిగెను, అంతే. ‘జయభేరి’ యను పత్రికను నడపెను, హరిజన శతకము వ్రాసెను, 1946లో మరణించెను. గరిమెళ్ల సైతము చివరిదినములలో చెన్నపట్టణమున ఆదరువు లేక, స్వతంత్ర భారతము వచ్చిన తరువాత కూడ లేమితో కాలము పుచ్చి 1952లో కన్నుమూసెను. దేశభక్తుని పాటయు దానికి బదులు చెప్పినవాని పాటయు రెండును పాఠ్యగ్రంథములలో ఇప్పుడు ప్రక్కప్రక్కన అచ్చగుట కద్దు. కర్తలను వారి బ్రదుకుకాలమున అట్లు ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టినవారు మాత్రము అరుదు.

ఈ వ్యాసవిషయమునకు కేంద్రమనదగిన కవి గుఱ్ఱము జాషువ. 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జననము, తండ్రి యాదవ కులమువాడు, తల్లి మాదిగ కులమున పుట్టినది, కుటుంబము క్రైస్తవము. రెండు కులములకును ఒక మతమునకును చెందిన బాలుడు మూడింటికిని పరాయివాడగుట మన దేశమున వింతగాదు. హిందూ పురాణకథలపై పద్యములు వ్రాయుచున్నాడని క్రైస్తవ సంఘమువారు వెలివేసిరి. పద్యము చెప్పుచున్నది ఎవ్వడో తెలిసిన పిమ్మట సభలోని సవర్ణులు ముఖము త్రిప్పుకొనిరి. ఆయన జీవనోపాధులను వరుసగా చెప్పినచో ఆనాటి తెలుగుదేశపు అంచులన్నియు కనబడును: రాజమహేంద్రవరమున మూగచిత్రములకు ప్రక్కన నిలిచి కథ చెప్పుట, గుంటూరులో ఉపాధ్యాయుల శిక్షణపాఠశాల కొలువు, ఉభయభాషాపండిత పదవి, రెండవ ప్రపంచయుద్ధకాలమున యుద్ధప్రచారకత్వము, 1957 మొదలు రెండేండ్లపాటు మద్రాసు రేడియోలో పని.

ఆయన కావ్యములలో రెండింటిని దగ్గరగా చూడవలెను. మొదటిది 1932 నాటి ‘ఫిరదౌసి’. గజనీ మహమ్మదు పద్యమునకొక బంగారునాణెము ఇత్తునని మాట యిచ్చి వెండినాణెములు పంపగా, షానామాను రచించిన ఫిరదౌసి భంగపడి కొలువు వీడిపోయిన పారసీక కథ అది. పారశీకులకు తమ పూర్వరాజుల చరిత్రను కట్టబెట్టి జాతిగా నిలిపిన కావ్యమే ఆ కవిని నిరాశ్రయుని చేసినది. ఆంధ్రదేశమున రాజులు లేని కాలమున, ఆంధ్రజాతికి పద్యములల్లు ఊరివెలుపలి కవి ఈ కథను ఎన్నుకొనుటలోని ఉద్దేశమును వివరింప నక్కరలేదు.

రెండవది 1941లో వెలువడిన ‘గబ్బిలము’. కాళిదాసు యక్షుడు మేఘమును పంపెను. జాషువ నాయకుడైన అరుంధతీసుతుడు, పగలెల్ల చాకిరిచేసి రాత్రి గుడిసెలో నడుము వాల్చినవాడు, దీపమార్పి లోపలికి వచ్చిన గబ్బిలముతో తన గోడు చెప్పుకొని కాశీవిశ్వేశ్వరునికి విన్నవింపుమని పంపును. గబ్బిలమే యెందుకన్న ప్రశ్నకు సమాధానము కవికి లభించిన గొప్ప వరము. గుడికప్పును పట్టుకొని తలక్రిందులుగా వ్రేలాడు ఆ పులుగు శివుని చెవికి అతి సమీపమున నుండును. పూజారి తలుపు వేసికొని పోయిన తరువాతను లోపలనే యుండును. మాలమాదిగలు గర్భగుడి గడప త్రొక్కరాదన్న ధర్మశాస్త్రము గబ్బిలమును గురించి మౌనము వహించినది. ఆకారమున వికృతమై, పక్షియా మృగమా యని తేలక, ఇంట చొరబడిన అశుభమని తరిమివేయబడు ఈ ప్రాణికిని అరుంధతీసుతునికిని స్నేహము కలుగుటలో ఒక విషాదమును ఒక చమత్కారమును కలిసియున్నవి.

ఈ కావ్యమున సందేశముకంటె మార్గము దీర్ఘము, ఆ మార్గమే ఇచ్చట ప్రస్తుతము. తెలుగుదేశపు క్షేత్రములను, కోటలను, కవుల పురములను, నదులను పేరుపేరున చూపుచు, వానిని మ్రొక్కుచు పొమ్మని నాయకుడు పులుగునకు చెప్పును. ప్రశస్తికవులు పాడిన ఆంధ్రవైభవమునంతటిని జాషువ పాడెను, వారికంటె మధురముగా పాడెను. కాని పాడుచున్న నోరు ఆ వైభవములలో ఒక్కదాని గడపయు త్రొక్కనీయబడనివాని నోరు. దేశమును ద్వేషించి పలికిన పలుకైనచో దానిని త్రోసిపుచ్చుట సుకరము. ఇంత ప్రేమతో పలికినదానిని త్రోసిపుచ్చుటకు పండితులకు వీలు చిక్కలేదు. నిరసన కవిత్వమునకు జాషువ కనిపెట్టిన బలమిది యని ఈ వ్యాసకర్త అభిప్రాయము.

పద్యము నాశ్రయించుటయు ఈ బలములోని భాగమే. ‘శ్మశానవాటి’ పద్యముల గతి దీనికి సాక్ష్యము. బలిజేపల్లి లక్ష్మీకాంతము ‘సత్యహరిశ్చంద్రీయము’లోని కాటిసీనులో నటులు ఈ పద్యములను చేర్చుకొని పాడసాగిరి, క్రమముగా అవి నాటకములో నొక భాగమే యనునంతగా కుదిరిపోయినవి. ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతముల పల్లెలలో తిరునాళ్లకు, దేవీనవరాత్రులకు వేసిన పందిళ్లలో తెల్లవారుజామున హార్మోనియము శ్రుతి పెంచి నటుడు ఆ పద్యమెత్తుకొనినప్పుడు, చాపలపై కూర్చున్నవారు వన్స్‌మోరు కొట్టిన రాత్రులు లెక్కకు మిక్కిలి. హరిశ్చంద్రుడు అప్పటికి వీరబాహునికి అమ్ముడుపోయి కాటికాపరియైయున్నాడు. చక్రవర్తి చండాలుని సేవకుడై పాడుచున్న పద్యము గుడిసెలో పుట్టిన కవిది. పందిటిలో ముందు వరుసవారు ఎవ్వరు, త్రాటికి ఆవల నిలిచినవారు ఎవ్వరు అను భేదము ఆ నాటకములనాడు తప్పక యుండినది. పద్యము ఆ త్రాటిని దాటినదిగాని కర్త పేరు దాటుటకు ఎక్కువకాలము పట్టినది.

చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తన చేతులతో జాషువ కాలికి గండపెండేరము తొడిగెను. ‘క్రీస్తుచరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానమును, ఆ యేడే శాసనమండలి సభ్యత్వమును, 1970లో పద్మభూషణ బిరుదమును వచ్చినవి, 1971 జులై 24న కవి పరమపదించెను. ‘నేతాజీ’, ‘బాపూజీ’, ‘రాష్ట్రపూజ’ వంటి కృతులను చూచి ఆయనను సాధారణ దేశభక్తకవుల కోవలో చేర్చువారు కలరు. బర్మా యుద్ధకాలపు నిర్వాసితుని కథయైన ‘కాందిశీకుడు’ను వానితో కలిపి చదివినచో ఆయనకు దేశమన్నచో మట్టియు గాదు, జెండాయు గాదు, నిలువనీడ యని తెలియగలదు. అభ్యుదయ కవులు ఆయనను తమవానిగా చెప్పుకొనకపోవుటకు కారణము ఛందస్సు. సనాతనులు చెప్పుకొనకపోవుటకు కారణము కులము. 1950లో వెలువడిన శ్రీశ్రీ ‘మహాప్రస్థానము’ తరువాత పద్యమును పాతకాలపు వస్తువుగా చూచు అలవాటు బలపడినందున, ఇరువదియేండ్లపాటు ఆయన పేరు సభలలో ఎక్కువగాను విమర్శలో తక్కువగాను వినబడినది.

జాషువకు సమకాలికులలో కోనసీమ మామిడికుదురులో 1911లో జన్మించిన బోయి భీమన్న ‘పాలేరు’ నాటకముతోను, 1975లో అకాడమీ బహుమానము పొందిన ‘గుడిసెలు కాలిపోతున్నాయ్’తోను ప్రసిద్ధుడు.

మతముచేత వెలుపలివారైన కవులలో ఆద్యుడుగా ఉమర్ ఆలీషాను చెప్పవలెను. 1885లో పిఠాపురమున జననము. అచ్చటి ఆధ్యాత్మిక పీఠమునకు అధిపతి. సంస్కృత పారశీకములు నేర్చి ఉమర్ ఖయ్యామును పారశీకమునుండి తెలుగు పద్యములలోనికి తెచ్చినవాడు. కేంద్ర శాసనసభలో సభ్యుడు. 1945లో నరసాపురమున మరణించెను. ఆయన కాలమున ముసల్మాను తెలుగున పద్యము చెప్పుట వింతగా తోచినను నేరముగా తోచలేదు. ఏలూరులో తివాచీలు నేయు ముసల్మానుల పూర్వులు పారసీకమునుండి వచ్చిరని ప్రతీతి. ఉన్నిముడి వెంట ముడి వేసి వారు నేసిన తివాచీలు ఐరోపా విపణులకు పోయినవి. వారిని పరదేశీయులని ఏలూరులో నెవ్వరు ననుకొనలేదు. తరువాతి కాలమున ఆ యమాయకత నిలువలేదు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ప్రకటించిన ‘పుట్టుమచ్చ’ యను దీర్ఘకవిత, పుట్టిన గడ్డమీదనే పరాయివాడని ముద్రపడి పుట్టినవాని వాఙ్మూలము. ఆటస్థలపు గెలుపోటములతో ఒకని దేశభక్తిని తూచు వింతన్యాయమును అది వ్యంగ్యముగా చూపినది. బాబ్రీ మసీదు కూలుటకు ఒక యేడు ముందే అది వెలువడుటచేత ప్రవచనమువలె తోచుట సహజము. 1998లో స్కైబాబ సంపాదకత్వమున వచ్చిన ‘జల్‌జలా’ ఆ త్రోవను విస్తరించినది.

ప్రాంతముచేత వెలియైన కవుల విషయమున ఒక్క గ్రంథమును పేర్కొనిన చాలును. నైజాము రాజ్యమున తెలుగు కవులే లేరని ఒక పండితుడు వ్రాయగా, ‘గోలకొండ’ పత్రికాధిపతి సురవరము ప్రతాపరెడ్డి కోపించి ఊరుకొనక, ఊరూరికి ఉత్తరములు వ్రాసి పద్యములు తెప్పించి, 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ ప్రకటించెను. వాదమునకు సంకలనముతో జవాబిచ్చుట అను పద్ధతి తరువాతివారెల్లరకును ఒరవడి యైనది.

తామే వెలుపలికి పోయిన కవులు వేరొక జాతివారు. 1965 మే 6న అర్ధరాత్రమున హైదరాబాదులో నాంపల్లి పాండు అను రిక్షాకార్మికునిచేత తమ తొలి సంపుటిని ఆవిష్కరింపజేసిన దిగంబరకవులు ఆరుగురు: నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న. రెండవ సంపుటిని విజయవాడలో జంగాల చిట్టి యను హోటలు పనివాడును, మూడవదానిని 1968లో విశాఖపట్టణమున ఎడ్ల యాదమ్మ యను యాచకియు ఆవిష్కరించిరి. అమెరికాలో గిన్స్‌బర్గు ‘హౌల్’ కాలపు కవులతోను, కలకత్తా ‘హంగ్రీ’ కవులతోను వీరికి పోలిక చెప్పుట వాడుక. ఆ పోలిక ఒక మేరకే సరి. పుట్టుకచేత వెలుపలివాడు లోపలికి రాగోరును. ఇచ్ఛచేత వెలుపలివాడు తలుపు మూసి పోగోరును. చెరబండరాజు ‘వందేమాతరం’ అను కవిత మాత్రము ఈ భేదమును చెరిపివేసినది. దేశమాతను పాడుగీతము పేరే పెట్టి, ఆకలిగొన్నవాని కన్నులతో ఆ తల్లిని చూచి నిలదీసినది. 1971లో నివారక నిర్బంధ చట్టము క్రింద నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు జైలుకు పోయిరి. ఆవిష్కర్తలుగా పిలువబడిన ముగ్గురి కవితలు మాత్రము ఆ సంపుటములలో లేవు. వారి నోట ఒక మాట పలికించినను బాగుండెడిదని తోచును.

ఆ లోపమును పూరించినది దళితోద్యమ కవిత్వము. 1985 జులై 17న కారంచేడులోను, 1991 ఆగస్టు 6న చుండూరులోను జరిగిన దళితుల హత్యాకాండల తరువాత తెలుగు కవిత్వపు భాషయే మారిపోయినది. 1995లో త్రిపురనేని శ్రీనివాస్, జి. లక్ష్మీనరసయ్యల సంపాదకత్వమున వచ్చిన ‘చిక్కనవుతున్న పాట’ యను సంకలనమును, ఆ యేడే వెలువడిన సతీష్ చందర్ ‘పంచమవేదం’ కావ్యమును ఈ మార్పునకు గుర్తులు. బెజవాడ సభ విడిచిపెట్టిన ‘పంచమ’ శబ్దమును ఈ కవి తిరిగి చేపట్టి వేదమునకు ముందు నిలిపెను. ఎండ్లూరి సుధాకర్ ‘కొత్త గబ్బిలం’ (1998) పేరుతోనే వంశము చెప్పుచున్నది. మద్దూరి నగేష్‌బాబు ‘వెలివాడ’ భాషలో మర్యాదకు తావులేదు. గ్రాంథిక ప్రశస్తులకు అలవాటుపడిన చెవికి అది కర్కశము. నల్లజాతివారి వంశకథయైన అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి ‘ఏడు తరాలు’ పేర తెలుగు చేయగా హైదరాబాదు బుక్ ట్రస్టు ప్రచురించినది. అది ఊరూర చదువబడుటచే అమెరికా నల్లవారి చరిత్ర ఈ కవులకు పరాయిదిగా తోచలేదు. స్త్రీలు ఈ ఉద్యమములోను ఒక మూలకు నెట్టబడి, ‘నీలిమేఘాలు’ వంటి స్త్రీవాద సంకలనములలో కులము చాలదనియు, దళిత సంకలనములలో స్త్రీ చాలదనియు తలచి, గోగు శ్యామల సంపాదకత్వమున ‘నల్లపొద్దు’ ప్రకటించిరి. చల్లపల్లి స్వరూపరాణి కవిత్వము ఈ రెండు వెలులకును నడుమనుండి పలుకునది.

సముద్రములు దాటిన తెలుగువారిలో ఈ సంవాదము తలక్రిందులైనది. ఇచ్చట లోపలివాడైనవాడు అచ్చట వెలుపలివాడగును. ఏలూరు ప్రాంతమున పెరిగి, అచ్చటి సర్ సి. ఆర్. రెడ్డి కళాశాలలో అధ్యాపకత్వము నెరపి, 1971లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకు పోయిన వెల్చేరు నారాయణరావు కవి కాడు, విమర్శకుడు; ‘తెలుగులో కవితా విప్లవాల స్వరూపం’ (1978) ఆయన ప్రసిద్ధ గ్రంథము. తెలుగు సాహిత్యమును బయటినుండి చూచు దృష్టి ఆయన తరువాతి రచనలలో ప్రబలమైనది. ఖమ్మము ప్రాంతమున పుట్టి అమెరికాలో అధ్యాపకుడైన అఫ్సర్ మతముచేతను నివాసముచేతను రెండువిధముల వెలుపలివాడు; ‘వలస’, ‘ఊరి చివర’ ఆయన కవితాసంపుటములు. వీరితో పోల్చిచూచినచో, ప్రవాసాంధ్ర సభలలో వినబడు మాతృభూమి స్తుతిపద్యములలో అధికభాగము 1913 నాటి బాపట్ల మహాసభలో చదివినను చెల్లునట్టివే.

జాతి తనకు గీతముగా ఎన్నుకొనినవానిని వ్రాసినవారెవ్వరన్నది ఈ విషయములో చివరగా చూడవలసిన యంశము. ‘మా తెలుగు తల్లికి’ రచించిన తిరుపతి కవి శంకరంబాడి సుందరాచారి జందెము తీసివేసి ఇల్లు విడిచి, హోటలులో వడ్డనచేసి బ్రతికినవాడు. 1942 నాటి ‘దీనబంధు’ చలనచిత్రము కొరకు వ్రాసిన ఆ పాటను చిత్రములో చేర్చుకొనలేదు. టంగుటూరి సూర్యకుమారి పాడిన గ్రామఫోను రికార్డు వలన అది ఇంటింట నిలిచినది. 1975లో హైదరాబాదున జరిగిన తొలి ప్రపంచ తెలుగు మహాసభలనాటికి అది రాష్ట్రగీతమైనది. కవి రెండేండ్లకు, 1977లో, లేమిలోనే పోయెను. 2014 జూన్ 2న తెలంగాణము వేరు రాష్ట్రమైన పదియేండ్లకు, 2024లో, ‘జయజయహే తెలంగాణ’ ఆ రాష్ట్రమునకు అధికారగీతముగా ప్రకటింపబడినది. దానిని కట్టిన అందెశ్రీ తలిదండ్రులు లేక పెరిగి, గొర్రెలు కాచి, తాపీపని చేసి బ్రతికినవాడు. ఆయన బడికి పోయి చదివినవాడు కాడు.